పెంకులు దింపిన ఇల్లు

మా అప్ప ఇంటి గుమ్మం పైన, ద్వారబంధం అడ్డచెక్కకి వాగ్దానం కార్డులు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండేవి. మా వైపు అక్కని అప్ప అంటాం. కొత్త సంవత్సరం నాడు పొద్దున్న ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి పట్టుకుని నిలబడతారు. ఒక్కొక్కరూ వెళ్ళి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద బైబిల్లోంచి ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట అదే. మిగతావాళ్ళు ఆ కార్డుని బైబిల్లో దాచుకునేవారు. అప్ప మాత్రం మైదాపిండి ఉడకబెట్టి, పోయినేటి కార్డు మీదే కొత్త కార్డు అంటించేది. అలా అంటించి అంటించి అది అట్టలా దళసరి అయిపోయింది. వానాకాలంలో కాస్త ఉబ్బేది, ఎండాకాలంలో అంచులు ముడుచుకునేవి.

నాకు ఆ కార్డులంటే ఒళ్ళు మంట. నేను చేసే ఉద్యోగం అలాంటిది. పాస్టర్లని తయారుచేసే ఒక చిన్న కాలేజీలో, విజయనగరంలో, పాత నిబంధన పాఠం చెప్పేదాన్ని. బెంగుళూరు వెళ్ళి హీబ్రూ నేర్చుకుని వచ్చాను. నేను చదివిన చదువంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, అప్పుడు వాళ్ళ ఊరు ఏ స్థితిలో ఉంది? కార్డు మీద ఆ సంగతులేవీ ఉండవు. ముట్టడిలో ఉన్న ఒక రాజుకి చెప్పిన మాట మా ఊళ్ళో ఇంటరు పరీక్ష రాసే పిల్లకి వస్తుంది. దేశం నాశనమైపోతుందని మూడు పేజీలు తిట్టి, మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ ప్రవక్త అన్న ఒక్క మెత్తని మాట కొత్తగా పెళ్ళైన జంటకి వస్తుంది. పక్కింటివాళ్ళకి వచ్చిన ఉత్తరం చింపి, మనకి నచ్చిన వాక్యం కత్తిరించుకుంటున్నామని నేను క్లాసులో ఎగతాళి చేసేదాన్ని. పిల్లలు నవ్వేవారు. నవ్వి, జనవరి ఒకటో తారీకున వాళ్ళూ వెళ్ళి కార్డు తీసుకునేవారు.

అప్ప నాకంటే చాలా పెద్దది. అమ్మ మంచం పట్టినప్పటినుంచి నన్ను ఎత్తుకు తిరిగి పెంచింది అప్పే. తను బడికి వెళ్ళలేదు. అక్షరాలు కూడా చర్చిలో బైబిలు పట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకుంది. నేను హీబ్రూ చదువుతున్నానని తెలిసినప్పుడు భోగాపురం సంతలో కనపడినవాళ్ళందరికీ చెప్పిందట, మా సెల్లి దేవుడి బాసలో సదువుతాది అని. దేవుడికి ఒక భాషంటూ లేదప్పా అని నేను విసుక్కుంటే, అయితే నువ్వు సదివీది ఏటి అని అడిగింది. పాస్టరుగారు చెప్పినా అప్ప తన ఆలోచన తను చేసుకునేది. నేను చెప్తే మాత్రం ఇంక ఆలోచించేది కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసి గర్వపడేదాన్ని కూడా.

వాళ్ళ ఊరు హైవేకీ సముద్రానికీ మధ్యన ఉంటుంది. చుట్టూ జీడి, కొబ్బరి, సరుగుడు తోటలు. ఒకే పొడుగాటి పెంకుల కప్పు కింద రెండు వాటాలు. ఒకటి అప్పదీ బావదీ, రెండోది బావ తమ్ముడిదీ అతని భార్యదీ. రెండు వాటాలకీ మధ్య ఒకటే మట్టిగోడ. అప్పా, ఆవిడ తోటికోడలూ ఒకే అరుగు మీద కూర్చుని జీడిగింజలు వలిచేవారు. పొద్దున్న పోట్లాడుకుని సాయంత్రానికి ఒకరి కూర ఒకరు తినేవారు. చర్చిలో పాట ఎత్తడం అప్ప పని. తోటికోడలు వెనకనుంచి అందుకునేది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన తర్వాత, భోగాపురం దగ్గర విమానాశ్రయం కడతారన్న మాట బయటికొచ్చింది. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత కొలతలవాళ్ళు వచ్చి తోటల్లో రాళ్ళు పాతారు. ఏ ఊరు పోతుంది, ఏ ఊరు ఉంటుంది అని టీ కొట్టు దగ్గర రోజుకో మాట. అప్ప వాళ్ళ ఊరు పోయేదాంట్లోనే ఉందని కొన్నాళ్ళకి తేలింది. హైవే అవతల ఎర్రమట్టి గుట్ట మీద స్థలాలు ఇస్తారట, ముందు ఒప్పుకున్నవాళ్ళు తమకి కావలసిన చోటు కోరుకోవచ్చట. ఊరు రెండు ముక్కలైంది. ఎలాగూ తప్పదు కాబట్టి మంచి చోటు చూసుకుందాం అనేవాళ్ళు కొందరు. విమానం వచ్చినప్పుడు చూద్దాం అనేవాళ్ళు ఎక్కువమంది.

ఆ జనవరిలో అప్పకి వచ్చిన కార్డు మీద ఏముందో వినగానే నేను తల పట్టుకున్నాను. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఆ వాక్యం లేని గోడ ఉండదు. క్యాలెండర్ల మీద, పెళ్ళి శుభలేఖల మీద, ఆటోల వెనక కూడా ఉంటుంది. మీ గురించి నేను తలపెట్టింది మేలే గానీ కీడు కాదు, మీకు ముందు మంచి కాలం ఉంది, మిమ్మల్ని మీ చోటికి తిరిగి తీసుకొస్తాను అని దేవుడు అన్న మాట. అప్పకి ఇంకేం కావాలి? మనం కదలక్కర్లేదు, దేవుడు మాట ఇచ్చేశాడు అంది. అనడంతో ఊరుకోలేదు. ఆ వానాకాలం, పోతుందని రాళ్ళు పాతిన తోటలోనే గోతులు తీయించి కొత్త కొబ్బరి మొక్కలు వేసింది. తన చెట్ల కాయలే విత్తనానికి కట్టి పెంచిన మొక్కలవి.

బావ నెమ్మదస్తుడు. నాకు ఫోన్ చేయడమే అరుదు. ఆ రోజు చేసి, స్థలాలు ఒకటొకటిగా అయిపోతున్నాయని, మిగిలేవన్నీ గుట్ట వెనక రాతి నేల మీదవని చెప్పాడు.

“ఒసే మరదలా, మీ అప్ప నా మాట ఇనదు. ఆ కార్డు మీదున్నది మనకి రాసింది కాదని నువ్వే వొచ్చి సెప్పాల,” అన్నాడు.

శనివారం కాలేజీ అయ్యాక బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో, ఏ వరసలో చెప్పాలో సర్దుకున్నాను. అప్ప నెత్తళ్ళ పులుసు చేసి ఉంచింది. తిన్నాక ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. తోటికోడలు ఆ చివర చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను మొదలుపెట్టాను.

అది ఒక ఉత్తరంలోని మాట అని చెప్పాను. యెరూషలేము ఇంకా పూర్తిగా పడిపోకముందే బబులోను రాజు వచ్చి రాజునీ, పెద్దవాళ్ళనీ, కమ్మరులనీ, చేతిపని తెలిసినవాళ్ళనీ ఏరి తన దేశానికి తీసుకుపోయాడు. మిగతా జనం ఊళ్ళోనే ఉన్నారు. పోయినవాళ్ళు అక్కడ మూటలు విప్పకుండా కూర్చున్నారు, ఇవాళో రేపో వెళ్ళిపోతామని. రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్పే ప్రవక్తలు కూడా ఉన్నారు. అప్పుడు యెరూషలేములో ఉన్న ఇంకో ప్రవక్త వాళ్ళకి ఉత్తరం రాశాడు. ఆ మాటలు నమ్మకండి, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, ఆ ఊరు బాగుండాలని ప్రార్థన చేయండి అని. డెబ్బై ఏళ్ళు గడిచాక తిరిగి తీసుకొస్తానని దేవుడి మాటగా రాశాడు. నీ కార్డు మీదున్నది ఆ డెబ్బై ఏళ్ళ మాట తర్వాత వచ్చే వాక్యం అప్పా అన్నాను.

అంతటితో ఆపలేదు. బబులోను నేలలో దొరికిన మట్టిపలకల గురించి కూడా చెప్పాను. తీసుకుపోబడినవాళ్ళు అక్కడ పొలాలు కౌలుకి చేసుకున్నారు, బార్లీ పండించారు, ఖర్జూరం తోటలు చూసుకున్నారు, తాము ఉండే ఊరికి తమ దేశం పేరే పెట్టుకున్నారు. ఇదంతా ఆ పలకల మీద గీసి ఉంది. అంటే ప్రవక్త చెప్పినట్టే చేశారన్నమాట. చెప్తూ ఉంటే నాకు ఉత్సాహం వచ్చేసింది. క్లాసులో అంత శ్రద్ధగా వినేవాళ్ళు నాకెప్పుడూ దొరకలేదు.

అప్ప అంతా విన్నది. తర్వాత అడిగింది.

“అయితే ఆ మాట ఇన్నోల్లు ఒక్కలూ తిరిగి రానేదేటి?”

రాలేదని చెప్పాను. ఎక్కడో ఒక పసిబిడ్డ ముసలివాడై వచ్చి ఉంటే ఉండొచ్చు, మిగతా వచ్చినవాళ్ళంతా వాళ్ళ పిల్లలు, మనవలు.

“మరి ఆ సంగతి కార్డు మీద ఎందుకు రాయనేదు? సోటు సాల్లేదు కామోసు,” అంది.

నేను నవ్వాను. ఆ చివర బియ్యం ఏరుతున్న తోటికోడలు నవ్వలేదు. చేట పక్కన పెట్టి, విమానం ఇప్పట్లో వచ్చేది కాదని, ఇలాంటివి ఎన్ని చూడలేదని, తొందరపడి ఎవరూ ఇల్లు విప్పుకోవద్దని అంది. అప్ప ఆవిడ వైపు చూసి, రెండేళ్ళలో తిరిగి వస్తామన్న ఆ దొంగ ప్రవక్తల్లాగా మాట్లాడకు అంది. పాఠం ఎంత బాగా పట్టుకుందో అని నాకు ముచ్చటేసింది.

అప్ప ఒకసారి నమ్మిందంటే ఇంక ఆలస్యం చేయదు. ఆ వారంలోనే బావని తీసుకెళ్ళి గుట్ట మీద స్థలం కోరుకుంది. తూర్పు వైపు మొదటి స్థలం. అక్కడ నిలబడితే సముద్రపు గాలి తగులుతుంది. ఇటుకల గోడలు లేచాయి. వంటింటికీ వెనక వసారాకీ పెంకులే వేద్దామంది, పాత ఇంటివి ఉన్నాయి కదా అని. మా వైపు ఇల్లు మారేవాళ్ళు పాత ఇంటి పెంకులూ ద్వారబంధమూ వదిలిపెట్టరు. పెంకులు దింపితే ఇంక ఆ ఇంటికి తిరిగి వెళ్ళేది లేదని అర్థం. మట్టిగోడలకి పైన కప్పు లేకపోతే రెండు వానలు చాలు.

పెంకులు దింపిన రోజు నేనూ ఉన్నాను. బావా ఇంకో ఇద్దరు మనుషులూ కప్పెక్కి ఒక్కొక్క పెంకే అందిస్తుంటే అప్ప కింద పేరుస్తోంది. తన వాటా వరకే దింపారు. కప్పు సగం అలా ఉండిపోయింది, సగం ఆకాశం. తోటికోడలు వీధిలో నిలబడి చూస్తోంది.

“నా గోడ ఏటయిపోతాదో సూసుకున్నావేటి అప్పా? నువ్వు ఎల్లిపోతావు. ఆ గోడకి ఈ పక్కన నాను పడుకుంటాను,” అంది.

ఆవిడా మా అప్పని అప్పా అనే పిలిచేది. తాటాకు తడిక కట్టిస్తానని బావ మాటిచ్చాడు, కట్టించాడు కూడా. అప్ప మాత్రం, నీకూ పెంకులు దింపుకోమనే చెప్తున్నాను కదా, వినవేం అంది. చివరికి ద్వారబంధాన్ని కార్డులతో సహా ఊడదీసి ట్రాక్టరు మీద వేశారు. తోటలో వేసిన కొబ్బరి మొక్కల్ని మట్టిముద్దలతో తవ్వి అదే ట్రాక్టరులో ఎక్కించింది అప్ప. తోటలు నాటమన్నాడు కదా అని నాతో అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పుస్తకాల్లో చదివిన ఒక మాటని ఒక మనిషి నిజంగా చేసి చూపిస్తుంటే ఏ మాస్టారికైనా అలాగే ఉంటుంది. మర్నాడు క్లాసులో అప్ప సంగతి చెప్పాను. సందర్భం తెలుసుకుని చదివితే వాక్యం మనిషిని ఎలా కదిలిస్తుందో చూడండి అన్నాను. తర్వాత బ్యాచిలకి కూడా చెప్పాను.

విమానాశ్రయం రాలేదు.

రాలేదంటే రద్దు కాలేదు. ఒకసారి భూమి తక్కువ చాలు అన్నారు, ఒకసారి మళ్ళీ మొదటినుంచి అన్నారు. కేసులన్నారు, టెండర్లన్నారు. పేపర్లో వార్త వచ్చేది, ఆగిపోయేది. శంకుస్థాపన అయిందన్నప్పుడు కూడా ఊళ్ళో ఎవరూ కదల్లేదు, ఎవరూ కదలమనలేదు. పాతిన రాళ్ళ మీద మేకలు ఎక్కి నిలబడేవి. ఊరు ఊళ్ళోనే ఉంది. జీడి పూసింది, కాసింది. ఒక వేసవి తర్వాత ఇంకో వేసవి వచ్చింది. గుట్ట మీద మాత్రం అప్ప ఇల్లూ, దూరదూరంగా ఇంకో నాలుగైదు ఇళ్ళూ. మిగతా స్థలాల్లో హద్దురాళ్ళ మధ్య గడ్డి. నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, వచ్చిన రోజు వచ్చేవి. కొబ్బరి మొక్కల్లో ఎక్కువ భాగం మొదటి ఎండలకే మాడిపోయాయి. అది కొబ్బరికి పనికొచ్చే నేల కాదని అప్పకి మొదటే తెలుసు. పుట్టినప్పటినుంచి తోటల్లో తిరిగిన మనిషి. తెలిసే నాటింది.

అప్ప వాటా గోడలు రెండో వానాకాలానికి కూలిపోయాయి. మొదట్లో ప్రతి ఆదివారం ఊళ్ళో చర్చికి నడిచి వెళ్ళేది. గంట కూడా పట్టని నడక. కానీ చర్చికి దారి ఆ ఇంటి ముందునుంచే. తను వంట చేసుకున్న చోట తుమ్మ మొక్కలు లేచాయి. పక్క వాటాలో అదే కప్పు కింద తోటికోడలు ఎప్పటిలాగే అరుగు మీద గింజలు వలుస్తూ ఉంటుంది, కూర్చోమంటుంది. అప్ప ఒకటి రెండుసార్లు కూర్చుంది. తర్వాత మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేసింది. హైవే పక్కన రేకుల షెడ్డులో పెట్టిన ఒక కొత్త చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ పాట ఎత్తేది పాస్టరుగారి భార్య.

నేను వెళ్ళినప్పుడల్లా, నన్ను ఏదైనా అంటుందేమో అని చూసేదాన్ని. అనలేదు. నేనే ఒకసారి, ఇలా అవుతుందనుకోలేదప్పా అన్నాను. నువ్వు అబద్ధం సెప్పలేదు కదే అంది. అదీ నిజమే. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. ఇవాళ అడిగినా ఆ ఉత్తరానికి అదే అర్థం చెప్తాను. కానీ బబులోనులో, తొందర్లోనే అయిపోతుంది అన్నవాళ్ళు అబద్ధీకులు, చాలా కాలం పడుతుంది అన్నవాడు నిజం చెప్పాడు. మా ఊళ్ళో, ఇప్పట్లో ఏమీ కాదు అన్న తోటికోడలి మాటే నిజమైంది. ఆవిడ ఏ పుస్తకమూ చదివి చెప్పలేదు. కదలబుద్ధి కాక అంది. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళకి తమ ఇంట్లో తాము ఉండే ఏళ్ళు ఇంకా కొన్ని దొరికాయి. ఎప్పటికైనా వాళ్ళూ వెళ్ళాల్సిందే, అది అందరికీ తెలుసు. కానీ ఆ ఏళ్ళు మా అప్పవి కూడా. ఆవిడకి అవి లేకుండా పోయాయి. ఆ శనివారం నాకు జ్వరమొచ్చి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి మాత్రం చెప్పాలి. జీడిపళ్ళ కాలం. ఊళ్ళోంచి ఎవరో వచ్చి, తోటికోడలు వాళ్ళకి ఆ ఏడు కాపు విరగకాసిందని చెప్పి వెళ్ళారు. అప్ప వాళ్ళని నవ్వుతూనే పంపింది. వాళ్ళు గుట్ట దిగాక, ఎవరితోనూ కాదన్నట్టు అంది.

“ఆల్లు బాగుపడరే. మాట ఇననోల్లు. దేవుడు ఆల్లని ఊరికే ఒగ్గడు.”

నేను పుట్టి బుద్ధెరిగాక అప్ప నోట ఒకరి గురించి అలాంటి మాట వినలేదు. అందులోనూ ఎవరి గురించి? తన కూర తిని, తన పాట అందుకున్న మనిషి గురించి.

నాకు వెంటనే ఆ ఉత్తరమే గుర్తొచ్చింది. ఆ ఉత్తరం ఉన్న ప్రవక్త గ్రంథం మనకి రెండు రూపాల్లో దొరుకుతుంది. హీబ్రూలో పొడుగ్గా ఉంటుంది, పాతకాలపు గ్రీకు అనువాదంలో పొట్టిగా ఉంటుంది. హీబ్రూలో, ఉత్తరం మధ్యలో, సంబంధం లేకుండా కొన్ని వాక్యాలు వస్తాయి. బబులోనుకి పోకుండా ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ మీద శాపాలు. వాళ్ళు నోట పెట్టుకోలేని కుళ్ళిన అంజూరపు పళ్ళలాంటివాళ్ళు, మాట విననివాళ్ళు, కత్తీ కరువూ తెగులూ వాళ్ళని తరుముతాయి అని. గ్రీకులో ఆ భాగం లేదు. తీసేసి చదివితే ఉత్తరం హాయిగా సాగిపోతుంది. తర్వాత ఎవరో చేర్చి ఉంటారని చాలామంది పండితులు అంటారు. నేను కూడా ప్రతి ఏడూ ఆ రెండు పాఠాలనీ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించేదాన్ని. చెరకి పోయినవాళ్ళ తరఫువాళ్ళు ఇది రాశారు, భూమి మాదే, దేవుడు మావైపే అని చెప్పుకోవడానికి ఉండిపోయినవాళ్ళని తక్కువ చేశారు, ఇది రాజకీయం అని చెప్పేదాన్ని. చెప్పి బోర్డు తుడిచేసేదాన్ని.

ఆ మధ్యాహ్నం అప్ప ముఖం చూశాక అది రాజకీయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ వాక్యాలు ఎవరు చేర్చారో నాకు తెలిసిపోయింది. తమ ఇంటి పెంకులు తమ చేతులతో దింపుకున్నవాళ్ళెవరో చేర్చారు. దేవుడి మాట విని మంచి మనసుతో అక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళే చేర్చారు. వినని వాళ్ళు సుఖంగా ఉన్నారని ఒక మనిషి వచ్చి చెప్పి వెళ్ళిన రోజున చేర్చారు. ఇన్నేళ్ళ చదువులో నాకు సొంతంగా తెలిసిన సంగతి ఇదొక్కటే. ఇది నాకు తెలియడానికి మా అప్ప ఇల్లు కూలిపోవాల్సి వచ్చింది. తెలియకపోయినా ఏమీ పోయేది కాదు.

ఆ దశాబ్దం చివర్లో ఒక శనివారం వెళ్ళాను. దారిలో ముందు ఊళ్ళోకి వెళ్ళాను, ఎందుకో వెళ్ళాలనిపించింది. తోటికోడలు నన్ను చూసి సంతోషించింది. మధ్యగోడ ఒక పక్క తినేసినట్టు పల్చబడి, తడికల దన్నుతో నిలబడి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు నా సంచీలో కొబ్బరి బొండాలు పెట్టింది. ఇవి మీ అప్ప చెట్టువే, పెరట్లోవి, ఎప్పుడు పంపినా తీసుకోవడం లేదు, నువ్వు పట్టుకెళ్తే తాగుతుందేమో అంది. ఒకసారి రమ్మని చెప్పమంది.

బొండాలు ఎక్కడివో అప్ప అడగలేదు. కాయ చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర బొటనవేలితో తడిమింది, అంతే, తెలిసిపోయింది. బావ కొట్టి ఇచ్చాడు. సగం తాగి లోటా పక్కన పెట్టింది. ఇద్దరం వసారాలో తూర్పు ముఖంగా కూర్చున్నాం. మా వెనక ఆ పాత ద్వారబంధం. దాని మీద కార్డుల అట్ట, అన్నిటికంటే పైన మేలు తలపెట్టానన్న ఆ ఏటి కార్డే. ఆ తర్వాత అప్ప కొత్త కార్డు అంటించలేదు. ఏడాదికొకటి తెచ్చుకుని బైబిల్లో పెట్టుకుంటోంది, అందరిలాగే.

గుట్ట కింద హైవే, హైవే దాటితే తోటలు, తోటల మీదుగా వాళ్ళ ఊరి కొబ్బరిచెట్ల తలలు. ఎండ వాలిపోతున్నప్పుడు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. సాయంత్రం ప్రార్థన వేళ అయినట్టుంది, ఊళ్ళో చర్చి మైకు కరకరమంది. ఎవరో గొంతు సవరించుకుని పాట ఎత్తారు. ముందు ఎవరో పోల్చుకోలేకపోయాను. తర్వాత తెలిసింది, తోటికోడలు. ఒకప్పుడు వెనకనుంచి అందుకునే గొంతు. మొదటి చరణం అయిపోయేదాకా అప్ప కదలకుండా విన్నది. పెదాలు ఆడుతున్నాయి గానీ పాడటం లేదు.

“సెల్లీ,” అంది, అటే చూస్తూ. “బబులోనోల్లకి ఆల్ల ఊరు కనపడీదేటి?”

“లేదప్పా. శానా దూరం. నెలలు నెలలు నడవాల.”

“ఇనపడీదా?”

“ఇనపడదు.”

అప్ప లేచి, లోటాలో మిగిలిన కొబ్బరినీళ్ళని, మాడిపోకుండా బతికిన ఒక కొబ్బరి మొక్క మొదట్లో పోసింది.

“అదురుష్టమంతులు,” అని లోపలికి వెళ్ళిపోయింది.